ఒక్క చెవి కోసం ఎనిమిది గంటల రైలు

జర్మనీలో దిగిన పొద్దున, పాస్‌పోర్టు చూసే అధికారి అడిగిన ప్రశ్నకు నాతో వచ్చినవాడు జవాబు చెప్పలేదు. ఇంగ్లీషు రాక కాదు. బయల్దేరే ముందు నెల రోజులు నేనే కూర్చోబెట్టి నేర్పాను. ఎందుకు వచ్చారంటే కూతురి పెళ్ళికి, ఎన్నాళ్ళుంటారంటే రెండు వారాలు. అద్దం అవతలి మనిషి రెండోసారి అడిగాడు. ఇతను ఆయన పెదవుల వంక చూస్తూ నిలబడ్డాడు. మూడోసారికి నేను పసుపు గీత దాటి ముందుకు వెళ్ళి, ఇతనికి కుడి చెవి వినపడదని చెప్పి, ఆ రెండు జవాబులూ నేనే ఇచ్చాను. అధికారి ముద్ర వేసి పంపించాడు.

నేను చెప్పింది నిజమే. కానీ కుడి చెవి సంగతి ఇప్పటిది కాదు. బొగ్గు బావిలో చేరిన కొత్తలో, పేలుడు మందు అనుకున్న దానికంటే ముందే పేలి ఆ చెవి పోయింది. అప్పటి నుంచి ఎడమ చెవి ఒక్కటే రెండు చెవుల పనీ చేస్తూ వచ్చింది. అతనితో మాట్లాడాలనుకునే వాళ్ళెవరైనా ఎడమ పక్కకు వచ్చి నిలబడతారు. నేనూ ఇన్నేళ్ళుగా అతని ఎడమ పక్కనే నడుస్తున్నాను. ఆ పొద్దున కూడా ఎడమ పక్కనే ఉన్నాను. అయినా నా మాట అతనికి చేరలేదు.

మేమిద్దరం ఎవరమో ఇక్కడ చెప్పాలి. దమ్మపేట, ములకలపల్లి మధ్య అడవి అంచున మూడు ఊళ్ళ మీద మా తాతకు పెత్తనం ఉండేది. ఇతని తండ్రి మా ఇంట్లో జీతం ఉన్నాడు. ఆ పెత్తనం, ఆ భూములు ఎట్లా పోయాయో చెప్పుకుని జాలి అడిగే అలవాటు నాకు లేదు. కొంత చట్టం తీసుకుంది, కొంత కోర్టులు తీసుకున్నాయి, మిగిలింది మా వాళ్ళే చేసుకున్నారు. నేను బొగ్గు ఊళ్ళో ఒక బళ్ళో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, కిరాయి ఇంట్లో ఉండి, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా రిటైరయ్యాను. ఇతను అదే ఊళ్ళో, రెండు సందుల అవతల క్వార్టర్లో ఉండి, భూమి కింద పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నాం. నన్ను దొరా అని పిలుస్తాడు, నువ్వు అని మాట్లాడతాడు. మొదటిది వాళ్ళ నాయన నేర్పాడు, రెండోది బడి నేర్పింది. రెండూ మార్చమని నేను ఏనాడూ అడగలేదు.

అతనికి ఒక్కతే కూతురు. అయిదో తరగతి నుంచి పది దాకా నా దగ్గరే చదివింది. నర్సింగ్ చేసి, జర్మన్ నేర్చుకుని, ఆస్ట్రియాలో కొండల మధ్య ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది. అక్కడే పనిచేసే కేరళ అబ్బాయిని చేసుకుంటానంది. తల్లి లేదు, రెండేళ్ళ కిందటే పోయింది. సార్ రాకపోతే పెండ్లి లేదని ఆ అమ్మాయి పట్టుబట్టడంతో తండ్రికి తోడుగా నేను బయల్దేరాను. పెళ్ళి మేము దిగిన మర్నాడు పొద్దున పదకొండు గంటలకు.

సామాను వచ్చే చోట అతను ట్రాలీ అంచు మీద కూర్చుని, అరచేత్తో ఎడమ చెవి మూస్తూ తెరుస్తూ ఉన్నాడు.

"చెవిల నీళ్ళు వోసినట్టున్నది దొరా. నువ్వు మాట్లాడుతుంటే బాయి అడుగుల నుంచి మాట్లాడినట్టున్నది."

"నొప్పి ఉందా?"

"ఏంది?"

"నొప్పి ఉందా అంటున్నా!"

"విమానం దిగేటప్పుడు సూది గుచ్చినట్టయింది. ఇప్పుడు నొప్పి లేదు. అసలు చెవే లేనట్టున్నది." నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. "దొరా, రేపు చర్చిల పిల్ల ప్రమాణం చేస్తది. గది నేను వినాలె. గది వినకపోతే గింత దూరం ఎందుకొచ్చినట్టు? ఫోటోలు చూసుకునేటందుకైతే ఇంటికాడ ఫోన్ల చూద్దును గద."

ఆ అమ్మాయి మాకు అక్కడి నుంచి ఇంకో విమానం టికెట్లు కొనిపెట్టింది. మధ్యాహ్నం ఎక్కితే గంటకు పైన కాస్త. అటు దిగాక కారు పంపుతుంది. బయల్దేరే ముందు ఆ ఏర్పాటు మా ఇద్దరికీ బాగానే తోచింది. ఇప్పుడు ఇంకోసారి పైకి లేచి, ఇంకోసారి కిందికి దిగాలి. ఉన్న ఒక్క చెవినీ ఆ దిగడానికి అప్పజెప్పాలా అన్నదే ప్రశ్న.

"పిల్లకు చెప్పకు," అన్నాడతను. "నర్సు గద. తెలిసిందంటే పెండ్లి పక్కన పెట్టి నన్ను దవాఖానల పడేస్తది. ప్రభువు తోడు, చెప్పకు."

చెప్పనని మాట ఇచ్చాను.

నాకోసమైతే ఎవరినీ ఏమీ అడిగేవాణ్ణి కాదు. అక్కడే ఉన్న మందుల దుకాణంలోకి వెళ్ళి కౌంటరు వెనకాల ఉన్నావిడకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక చెవి ముందే పోయింది, రెండోది ఇప్పుడే దిబ్బడేసింది, మూడు గంటల్లో ఇంకో విమానం ఉంది. ఆవిడ ముక్కులో కొట్టుకునే మందు ఒకటి ఇచ్చింది. ఏదైనా నములుతూ, గుటకలు వేస్తూ ఉండమంది. మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుందట. మరి మధ్యాహ్నం విమానం అంటే భుజాలు ఎగరేసి, నేనైతే ఈ రోజు ఎక్కను, కింద రైలు ఉంది కదా అంది. నిజమే, ఆ విమానాశ్రయం కిందనే రైల్వే స్టేషను ఉంది.

మా ఇంట్లో ఊళ్ళ తగాదాలు విని తీర్పు చెప్పేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. రెండు పక్షాలనూ చివరిదాకా వింటారు. మధ్యలో మాట్లాడరు. తర్వాత ఒక్కసారి చెబుతారు, రెండోసారి చెప్పరు. నేను అట్లాగే విమానం పక్షం విన్నాను. గంట ప్రయాణం, టికెట్ చేతిలో ఉంది, అవతల కారు ఉంది. రైలు పక్షం విన్నాను. ఎనిమిది గంటలు, ఒకచోట మారాలి, భాష రాదు, ఇద్దరికీ కలిపి మూడు పెట్టెలు, నైలాన్ తాడుతో కట్టిన ఒక పెద్ద అట్టపెట్టె. ఆ అట్టపెట్టెలో పెళ్ళికి సకినాలు, అరిసెలు, పిల్లకు చీరలు ఉన్నాయి.

"రైల్లో పోతున్నాం," అన్నాను అతని ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి.

"అవ్," అన్నాడు. లేచి నిలబడి ట్రాలీ పట్టుకున్నాడు. ఇంకేమీ అడగలేదు. మా మూడు ఊళ్ళలోనూ ఇప్పుడు నా మాటకు అంత విలువ ఇచ్చేవాడు అతనొక్కడే. ఆ విలువ నిలబెట్టుకోవాల్సిన రోజు అది.

ఫోన్ చేసి చెప్పడం మాత్రం అతనే చేశాడు. స్పీకర్ పెట్టి, తనకు వినపడకపోయినా, ముందే అనుకున్న మాటలు గడగడా చెప్పేశాడు.

"బిడ్డా, మీ సార్ విమానం ఎక్కనంటున్నడు. రైల్లోనే పోదామంటున్నడు. నేనేం జేస్త, నీకు తెల్సు గద ఆయన సంగతి. దొర గద, పంతం."

నేను అతని వంక చూశాను. అతను అట్టపెట్టె తాడు బిగిస్తున్నట్టు వంగిపోయాడు. ఫోన్ నా చేతిలోకి వచ్చింది.

"సార్, ఏంది సార్ గిది? ఒక్క గంట సార్. టికెట్లు కొన్న. ఇక్కడి రైళ్ళను నమ్మొద్దు సార్, ఒక్కోసారి మస్తు లేటయితయ్. నాన్న అలసిపోతడు. రేపు పెండ్లి పెట్టుకొని ఇయ్యాల రైల్ల తిరుగుతరా?"

"సాయంత్రం ఆరింటికల్లా నీ ముందుంటాం అమ్మా."

"మీకు విమానం ఎందుకొద్దు సార్?"

నాకు విమానం ఎందుకు వద్దో నిజంగానే తెలుసు. ఆ కారణాలే చెప్పాను. విమానాశ్రయంలో బెల్టు విప్పమంటారు, బూట్లు విప్పమంటారు, రెండు చేతులూ పైకెత్తి నిలబడమంటారు. ముందు రోజు సాయంత్రం నుంచి మూడుసార్లు చేతులెత్తాను. ఒకే రోజు ఎవరి ముందూ అన్నిసార్లు చేతులెత్తిన మనిషిని కాను. రైలు స్టేషనుకు తలుపు కూడా లేదు. తిన్నగా నడిచి వెళ్ళి ఎక్కవచ్చు. ఇవన్నీ నేను నమ్మే మాటలే. ఆ అమ్మాయి అడిగింది నాకు విమానం ఎందుకు వద్దని. దానికే జవాబిచ్చాను.



"మీ పంతం మీదే సార్," అంది చివరికి. గొంతులో కోపం దాచుకోలేదు. కొద్ది సేపటికే రెండు రైళ్ళ టికెట్లు, వేళలు, ప్లాట్‌ఫారాలు అన్నీ నా ఫోనుకు పంపింది. కోపంలో కూడా పని పద్ధతిగా చేసే పిల్ల. ఆఖర్న ఒక వాక్యం ఉంది. రెండో రైల్లో వెనుక మూడు పెట్టెల్లోనే ఎక్కండి అని. చదివాను.

ఎనిమిది గంటల్లో మొదటి నాలుగు గంటలూ హాయిగా గడిచాయి. నాకు రైలు గురించి ఉన్న నమ్మకం ఆ పూట ఇంకా గట్టిపడింది. విమానంలో దారి కనపడదు. ఒకచోట మూత పెట్టి ఇంకోచోట మూత తీస్తారు. రైల్లో ఎంత దూరం వచ్చామో కాళ్ళకూ కళ్ళకూ తెలుస్తూ ఉంటుంది. పొలాలు ఉన్నాయి, వాగులు ఉన్నాయి, ఇళ్ళ వెనకాల ఆరేసిన బట్టలు ఉన్నాయి. మధ్యలో అడవి అని వాళ్ళు అనుకునేది కూడా వచ్చింది. ఒకే జాతి చెట్లు, ఒకే ఎత్తు, బళ్ళో ప్రార్థనకు నిలబెట్టినట్టు వరసలు. నేను పుట్టింది అసలైన అడవి పక్కన. టేకు, ఇప్ప, తునికి, వెదురు ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగే చోట. దీన్ని తోట అంటారు, అడవి అనరు అని పక్కనున్నవాడికి చెప్పాను. అతనికి వినపడలేదు. వినపడినట్టు తల ఊపాడు.

మందుల దుకాణం ఆవిడ ఏదైనా నమలమంది కదా. రైలు కదలగానే అట్టపెట్టె ఒక మూల విప్పి సకినాలు బయటికి తీశాడు. ఆ రైలు పెట్టెలో అందరూ పుస్తకాలు చదువుకుంటున్నారు, మాట్లాడుకునేవాళ్ళు కూడా గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఇతను మాత్రం కరకరా కరకరా. తన చప్పుడు తనకు వినపడదు కాబట్టి ఎంత చప్పుడు చేస్తున్నాడో అతనికి తెలియదు. ఎదురుగా కూర్చున్న ముసలావిడ రెండుసార్లు తలెత్తి చూసింది. మూడోసారి చూసినప్పుడు ఇతను ఆవిడకూ ఒకటి ఇచ్చాడు. ఆవిడ తీసుకుంది. ఆ తర్వాత ఇద్దరూ నమిలారు.

"పెళ్ళి సకినాలు దారిలోనే అయిపోతే అక్కడ ఏం పెడతావు?" అన్నాను చెవిలో.

"మందు దొరా ఇది. డాక్టరమ్మ చెప్పింది గద."

"ఆవిడ డాక్టరు కాదు."

"ఏంది?"

"ఏం లేదు. తిను."

మధ్య మధ్య అతని వెనక్కి వంగి, గొంతు తగ్గించి, నీ పేరేంటి, మీ ఊరేది అని అడుగుతూ పరీక్ష చేశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. నేను ఆ తీర్పు చెప్పినప్పుడు ఎంత ధీమాగా చెప్పానో, అంత ధీమాగా ఉండడం ఆ జవాబు రానప్పుడల్లా కొంచెం కష్టమయ్యేది. అయినా ధీమాగానే ఉన్నాను. ఇద్దరిలో ఒకడైనా ఉండాలి.

మ్యూనిక్‌లో రైలు మారాలి. నలభై నిమిషాలు టైముంది. రెండో రైలు ముందే వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. నేను నీళ్ళ సీసాలు కొనడానికి ఆగాను. తిరిగి చూసేసరికి నాతో ఉన్నవాడు లేడు. ముందు వైపు ఒక పెట్టె కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నాడు.

లోపలికి వెళ్ళి చూస్తే రెండు సీట్ల మీదా తువ్వాల పరిచి ఉంది. గళ్ళ తువ్వాల. కొత్తగూడెం బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి లోపలికి విసిరే తువ్వాల. మా వైపు ఒకసారి తువ్వాల పడ్డాక ఆ సీటు మీద ఎవరూ కూర్చోరు. కూర్చుంటే యుద్ధమే. ఇక్కడ ఆ పెట్టెలో మేమిద్దరం, ఒక పసిబిడ్డ తల్లి తప్ప ఇంకెవరూ లేరు.

"జల్దీ రా దొరా, కిటికీ సీటు పట్టిన. కొండలు కనపడుతయ్."

వెనుక మూడు పెట్టెలు అన్న మాట నాకు గుర్తుంది. మరచిపోయానని అబద్ధం రాయను. గుర్తుండి కూడా అనుకున్నాను. ఒకే రైలు, ఒకే ఇంజను, ఏ పెట్టెలో కూర్చుంటే ఏముంది, దిగేటప్పుడు తేలిగ్గా ఉంటుందని చెప్పి ఉంటుంది, అంతే. పైగా అతను సామాను పైకెక్కించి, సీటు పట్టి, నా కోసం కిటికీ పక్క వదిలిపెట్టి కూర్చున్నాడు. పరిచిన తువ్వాల తీయించి, నలుగురూ చూస్తుండగా పెట్టెలు మోసుకుంటూ ప్లాట్‌ఫారం పొడవునా నడవడం నాకు నచ్చలేదు. నలుగురూ లేరు, ఒక తల్లి మాత్రమే ఉంది. అయినా నచ్చలేదు. కూర్చున్నాను.

గంటన్నర గడిచాక టికెట్లు చూసే ఆవిడ వచ్చింది. మా టికెట్ చూసి, మమ్మల్ని చూసి, మళ్ళీ టికెట్ చూసింది. నెమ్మదైన ఇంగ్లీషులో చెప్పింది. వచ్చే స్టేషనులో రైలును రెండుగా విడదీస్తారు. ముందు పెట్టెలు ఒక లోయలోకి వెళతాయి, వెనుక మూడూ ఇంకో లోయలోకి. మీరు వెళ్ళాల్సింది వెనుక వాటిలో. లోపల నుంచి దారి లేదు, దిగి వెళ్ళాలి. ఆగేది ఆరు నిమిషాలు.

డోర్నకల్!

మా వైపు నుంచి ఎక్కడికి రైల్లో పోవాలన్నా డోర్నకల్ జంక్షన్ మీదుగానే పోవాలి. చిన్నప్పుడు మా వైపు పెట్టెలను పెద్ద రైలు నుంచి విడదీయడం, కలపడం ఆ స్టేషనులోనే ఎన్నోసార్లు చూశాను. వేరే పెట్టెలో నిద్రపోయి విజయవాడలో లేచినవాళ్ళ కథలు మా ఇళ్ళలో బోలెడు. ప్రపంచంలో ఎవరు పొరపడినా డోర్నకల్ దారి మనిషి ఈ విషయంలో పొరపడకూడదు. నేను పొరపడ్డాను. అంత గొప్ప దేశాల్లో మన డోర్నకల్ పని ఎవరు చేస్తారులే అనుకున్నాను, అంతే.

అతనికి చెప్పాలి. చెవిలో అరిచాను. వినపడలేదు. రెండు చేతులూ జోడించి, విడదీసి చూపించాను. ఏమీ అర్థం కాక నా ముఖం వంక చూశాడు. "డోర్నకల్!" అని పెదవులు విప్పి, ఒక్కో అక్షరం కనపడేట్టు అన్నాను. కళ్ళు పెద్దవయ్యాయి. ఇక ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. నాకంటే ముందే లేచి పెట్టెలు కిందికి లాగాడు.

రైలు ఆగింది. చక్రాల పెట్టెలు మూడూ అతను పట్టాడు. మిగిలింది అట్టపెట్టె. చంకలో పట్టదు. చేతుల్లో ఎత్తుకుంటే ముందు దారి కనపడదు. సకినాలకు విప్పిన మూల తెరుచుకునే ఉంది, తాడు వదులైంది. ఎత్తి తల మీద పెట్టుకున్నాను. మా వంశంలో తల మీద బరువు పెట్టుకున్న మగవాడి గురించి నేను వినలేదు. పది అడుగులు వేశానో లేదో పెట్టె ఒక పక్కకు ఒరిగింది.

ముందు వెళుతున్నవాడు తిరిగి చూశాడు. నడక ఆపకుండానే అరిచాడు. చెవి మూసుకుపోయిన మనిషి అరుపు, స్టేషనంతా వినపడేంత.

"గట్ల కాదు! తల ఊపకు! మెడ బిర్రుగ పెట్టాలె దొరా! గది నీకు పుట్టుకతోనే వచ్చు గద!"

మెడ బిర్రుగా పెట్టాను. నిజంగానే పెట్టె నిలబడింది. ప్లాట్‌ఫారం మీదున్న వాళ్ళు దారి ఇచ్చారు. ముందు పెట్టెలకూ వెనుక పెట్టెలకూ మధ్య ఒకతను పట్టాల మీదికి వంగి ఏదో చూస్తున్నాడు. ఆ సందు దాటాం. నా కాళ్ళు అంత వేగంగా నడిచి చాలా ఏళ్ళయింది. ఒకచోట ఆగి ఊపిరి తీసుకోవాలనిపించింది. ఆగలేదు. టికెట్లు చూసిన ఆవిడ వెనుక మూడు పెట్టెల మొదటి తలుపులో నిలబడి, మేము వచ్చేదాకా ఒక కాలు కిందనే పెట్టి ఉంది. ఆవిడను నేను అట్లా నిలబడమని అడగలేదు. అడగాల్సి వస్తే అడిగేవాణ్ణి. ఆ సంగతి నాకే కొత్తగా ఉంది.

లోపల పడ్డాక ఇద్దరం సామాను సర్దుకుని సీట్లలో కూలబడ్డాం. తర్వాత అతను నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేట్టు.

"మా నాయిన చూస్తే ఏమనేటోడు దొరా!"

"బరువు సరిగ్గా మోయడం రాలేదనేవాడు."

"ఏంది?"

నేను మళ్ళీ చెప్పలేదు. చెవి ఇంకా తెరుచుకోలేదని మాత్రం అర్థమైంది. కిటికీ బయట కొండలు దగ్గరికి వచ్చాయి. పైన మంచు, కింద పచ్చిక. అతను వాటిని చూడడం లేదు. వేలితో చెవి దగ్గర నొక్కుకుంటూ, నోరు తెరుస్తూ, మూస్తూ కూర్చున్నాడు. నవ్వు పోయింది. ఒకసారి, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు, "వాళ్ళమ్మ ఉంటే విని నాకు చెప్పేది." నీళ్ళ సీసా మూత తీసి అతని చేతికిచ్చాను. ఏమన్నా అతనికి వినపడదు. తప్పు తీర్పు ఇచ్చానా అని ఆ రోజు మొదటిసారి, ఒక్కసారి, నన్ను నేను అడిగాను. ఆ విమానం ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. నాకు తెలిసిందల్లా, ఉన్నదాన్ని ఇంకోసారి పణంగా పెట్టలేదన్నది. దాని మీదే నిలబడ్డాను.

ఆరు ఇంకా కాలేదు, ఎండ ఇంకా ఉంది. మేము దిగాల్సిన స్టేషను చాలా చిన్నది. ఒక్కటే ప్లాట్‌ఫారం, పూలకుండీలు, ఒక గడియారం. ఆ అమ్మాయి కనపడలేదు. నేను సామాను లెక్కచూసుకుంటూ స్టేషను గేటు వైపు చూస్తున్నాను. అతను నా పక్కన, ప్లాట్‌ఫారానికి వీపు పెట్టి, కొండల వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

వెనుక ఎక్కడో, ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి, సన్నగా "నాన్నా" అని వినపడింది. గాలికి సగం పోయింది. నాన్నా అన్నదా, ఇంకేమైనానా అని నేను ఆలోచించేలోపలే నా పక్కనున్నవాడు గిరుక్కున తిరిగాడు. నాకంటే ముందు. తిరిగి, పెట్టెలన్నీ అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

చెవి ఎక్కడ తెరుచుకుందో అతనికే తెలియదు. కొండ దిగేటప్పుడేమో, ఆవులించినప్పుడేమో, ఆ పిలుపుకేనేమో.

తండ్రిని వదిలిపెట్టి ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. కాళ్ళకు దండం పెట్టబోతే వద్దన్నాను. కళ్ళు తుడుచుకుంటూనే, కోపం మాత్రం పొద్దున ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మొదలుపెట్టింది.

"మీ పంతం నెగ్గింది గద సార్. మా నాన్నను చూడండి, ముఖం ఎట్ల పీక్కపోయిందో. గంటల వచ్చేదానికి పొద్దంతా తిప్పిండ్రు."

ఆమె భుజం వెనకాల నుంచి అతను నా వంక చూస్తున్నాడు. చెప్పొద్దని తల ఊపుతున్నాడు. చెప్పేవాణ్ణీ కాదు.

"నెగ్గిందమ్మా," అన్నాను. "రైలు బాగుంది."

ఈ సంగతి రాసుకోవచ్చా అని అతన్ని అడిగాకనే ఇది రాస్తున్నాను. ఇప్పుడు తెలిసినా పర్వాలేదన్నాడు. ఆ పిల్లకు తెలుగు చదవడం బాగా వచ్చు, కాబట్టి చదువుతుంది.

మర్నాడు చర్చిలో అతన్ని మొదటి వరసలో కుడి చివర కూర్చోబెట్టాను. ఎడమ చెవి పెళ్ళికూతురి వైపు ఉండేట్టు. ఎడమ పక్కన ఎప్పటిలాగే నేను. ప్రమాణం జర్మన్‌లో జరిగింది. ఆ అమ్మాయి గొంతు మొదట వణికింది, తర్వాత స్థిరపడింది. అతను ముందుకు వంగి, కళ్ళు మూసుకుని, కదలకుండా విన్నాడు. చివరి మాట దాకా కదలలేదు. అందరూ లేచి నిలబడ్డాక, నా వైపు వంగి, ఇప్పుడు గుసగుసగానే అన్నాడు.

"ఏమన్నదో ఒక్క ముక్క తెల్వలె దొరా. మొత్తం వినపడ్డది."